మద్రాసులో కంచు గిత్త కోసం మూడు రోజులు

మా మావయ్యది ఒంగోలు దగ్గర పల్లె. ఇంట్లో ఉన్న చివరి జత ఎడ్లను అమ్మి నాలుగేళ్లయింది. ట్రాక్టరు వచ్చాక వాటికి పని లేదు, మేపడానికి మనిషీ దొరకలేదు. అప్పటినుంచీ ఆయనకు ఒకటే కోరిక. వరండా గూట్లో ఒక కంచు గిత్త ఉండాలి. గుళ్లో కూర్చున్న నంది కాదు, నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఒంగోలు గిత్త. "మద్రాసులో దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదురా" అనేవాడు. మొన్న నాకు సెలవులు కలిసొచ్చాయి, ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. అలాంటి పని మీద వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గురువారం ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భోజనాల వేళకు సెంట్రల్లో దిగాం. అక్కడినుంచి ఎగ్మోరు మెట్రోలో ఒక్క స్టేషనే. సామాను తక్కువుంటే ఆటో కన్నా మెట్రోనే మేలు, లిఫ్టులు ఉన్నాయి, బేరం లేదు. గది మాత్రం మమ్మల్ని ఏడిపించింది. స్టేషను ఎదురుగా సందుల నిండా లాడ్జీలే. ఫోన్లో ఫొటోలు చూసి ఒకటి బుక్ చేశాను. తీరా వెళ్తే గది మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయడం లేదు, మావయ్యకు మోకాళ్ల నొప్పులు. కింద గది ఇవ్వమంటే లేదన్నారు, కట్టిన 1,200 రూపాయలూ తిరిగి ఇవ్వలేదు. టెన్షన్ పడుతూ రెండు వీధులు తిరిగితే 1,700కి నేల గది దొరికింది. ఫ్యాన్ చప్పుడు చేసేది గానీ బాత్రూం శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడినీళ్లు వచ్చేవి, లెక్క రాసుకునే పెద్దాయన తెలుగు మాట్లాడేవాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది కళ్లతో చూశాకే డబ్బు కట్టండి. ఎగ్మోరులో గదులకు కొదవ లేదు.

ఒక ముఖ్యమైన విషయం. ఎగ్మోరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. ఇది చూసుకోకుండా వెళ్తే ఒక రోజు పోతుంది. అందుకే మేం శుక్రవారం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు పెట్టుకున్నాం.

ముందు ఇంజంబాక్కంలో చోళమండలం. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో చిత్రకారులు, శిల్పులు కలిసి స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు ఇది. పణిక్కర్ కొడుకు ఎస్. నందగోపాల్ ఇక్కడే ఉండి పనిచేశారు, 2017లో పోయారు. ఆయనది పోత పని కాదు. రాగి, ఇత్తడి రేకులను వెల్డింగ్‌తో అతికి, మీద ఎనామెల్ రంగులు వేసేవారు. లోహశిల్పం అంటే గుళ్లో విగ్రహమే అనుకునే మావయ్య ఆ పద్ధతి పనుల ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది ఏ జంతువని అడక్కూడదు, అదిరిపడ్డ పిట్టను చూస్తే మనకేమనిపిస్తుందో అది చేశాడు" అన్నాడు ఒక దాని దగ్గర. నాకు ఆ మాట నచ్చింది. తోటలో చెట్ల కింద శిల్పాల మధ్య తిరగడానికి గంటన్నర చాలు. పెద్దగా జనం లేరు, ఎవరూ తొందరపెట్టలేదు.

అక్కడినుంచి అదే రోడ్డు మీద బస్సులో ముట్టుకాడు. దక్షిణచిత్రలో దక్షిణాది ఇళ్లను ఊళ్లనుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మన తీరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. మా వెతుకులాటకు దగ్గరైంది మాత్రం అయ్యనార్ గుడి ముందున్న మట్టి గుర్రాలు. తమిళ పల్లెల్లో ఊరికి కాపలా కాసే దేవుడికి కుమ్మర్లు కాల్చి సమర్పించే గుర్రాలవి. కంచు కాదు, కానీ ఒక జంతువును దేవుడికి ఇవ్వదగ్గదిగా చేయడం అంటే ఏమిటో అక్కడే మొదట అర్థమైంది. భోజనం బాగానే ఉంది, ఖరీదు కాస్త ఎక్కువ. ఎండలో నడక ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. మేం మధ్యాహ్నం వెళ్లి అలిసిపోయాం.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి మ్యూజియం తలుపులు తీసేసరికే పాంథియన్ రోడ్డులో ఉన్నాం. గది నుంచి నడిచే వచ్చాం. 1851లో పెట్టిన మ్యూజియం ఇది. మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1855లో ఈ ఆవరణలోనే జంతుప్రదర్శన శాల కూడా మొదలుపెట్టాడు. అదే చివరికి 1985లో వండలూరుకు చేరింది. అంటే ఇవాళ కంచు విగ్రహాలున్న ఈ ఆవరణలో ఒకప్పుడు బతికున్న జంతువులు ఉండేవి. ఆ సంగతి చెబితే మావయ్య ఆవరణంతా మరోసారి కలయజూశాడు.

కంచు విగ్రహాల గ్యాలరీలో అందరూ నటరాజు ముందు ఆగుతారు. తిరుత్తణి దగ్గరి తిరువాలంగాడు నుంచి వచ్చిన ఆ నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు, వీటిని చూడ్డానికే దేశదేశాలనుంచి వస్తారు. మేమూ చూశాం, కళ్లు తిప్పుకోలేకపోయాం. కానీ మేం వచ్చింది జంతువుల కోసం. ఈ విగ్రహాల్లో జంతువు ఎప్పుడూ మనం మొదట చూడని చోటే ఉంటుంది. వేళ్ల చివర, మోచేతి మీద, పీఠం పక్కన. పార్వతి, కుమారస్వామితో కలిసి శివుడు కూర్చున్న సోమాస్కంద విగ్రహంలో శివుడి వెనక చేతి వేళ్ల మీద జింక ఉంటుంది చూడండి. బొటనవేలంత. అంత చిన్నదానిలోనూ పరుగు మధ్యలో ఆగిన ఒళ్లు తెలుస్తుంది. మావయ్య వంగి వంగి చూసి, "ఇది అడివి జింక, పెంచిన జింక ఇలా నిలబడదు" అన్నాడు. శిల్పికి ఆ తేడా తెలుసునా అని నన్నడిగాడు. తెలియకపోతే మావయ్యకు తెలిసేది కాదు కదా అనుకున్నాను.

వడక్కుపనైయూరు నుంచి వచ్చిన రాముడు, సీత, లక్ష్మణుల పక్కన హనుమంతుడు మరీ చిన్నవాడు. చోళుల కాలపు పని. దండలూ పూజలూ లేని చోట చూస్తున్నా, కాస్త ముందుకు వంగిన ఆ నిలువులో భక్తి ఉంది. మనిషిలో కోతి ఎంత, కోతిలో మనిషి ఎంత అనే కొలత చాలా కష్టమైంది. ఆ విగ్రహం చేసినవాడికి ఆ కొలత తెలుసు.

నేను చదువుకునే రోజుల్లో తంజావూరు ఆర్ట్ గ్యాలరీలో చూసిన ఒక విగ్రహం సంగతి అక్కడ మావయ్యకు చెప్పాను. అదీ తిరువెంకాడు నుంచి వచ్చిందే, 1011 నాటిది. వృషవాహనుడు, అంటే ఎద్దు వాహనంగా ఉన్న శివుడు. శివుడు జడలను పాములతో కలిపి తలపాగాలా చుట్టి, ఒక కాలు మడిచి, కుడిచెయ్యి చాపి ఎద్దు మీద ఆనించి నిలబడ్డాడు. కానీ ఆ ఎద్దు ఇప్పుడు లేదు. చెయ్యి గాలి మీద ఆనినట్టుంటుంది. ఎద్దు లేకపోయినా దాని ఎత్తెంతో, మూపురం ఎక్కడ ఉండేదో ఆ చేతిని బట్టి తెలిసిపోతుంది. ఫోన్లో ఫొటో చూపించాను. మావయ్య ఏమీ అనలేదు. సాయంత్రం నీళ్లు పెట్టాక ఆయన తన గిత్త మూపురం మీద మోచెయ్యి ఆనించి సరిగ్గా అలాగే నిలబడేవాడు. నేను చిన్నప్పటినుంచీ చూశాను. ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

గ్యాలరీలో కాపలా ఉన్నాయన మా మాటలు విని తెలుగులో పలకరించాడు. "మాదీ గూడూరు వైపేనండి" అన్నాడు. వెలుతురు బాగా పడే వైపు నిలబెట్టి మరీ చూపించాడు. ఆయన పుణ్యాన రెండు గంటలు నాలుగు గంటలయ్యాయి. అమరావతి రాళ్ల గది కూడా చూడకుండా రాకండి, మన గుంటూరు గడ్డ మీదనుంచి వెళ్లినవే అవి. టికెట్ ఖరీదు ఎవరికీ భారం కాదు. మంచినీళ్లు మాత్రం మీరే తీసుకెళ్లండి.

మధ్యాహ్నం అన్నాశాలై మీద ఐలాండ్ దగ్గర ఆటో ఆపించుకుని మన్రో గుర్రాన్ని చూశాం. రాయలసీమవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో. ఫ్రాన్సిస్ చాంట్రీ చేసిన ఈ కంచు విగ్రహాన్ని ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చి 1839లో నిలబెట్టారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. జనం విగ్రహానికి వంక పెట్టడానికి ఆ మాట చెబుతారు. మావయ్య మాత్రం జీను లేకపోవడమే మంచిదన్నాడు, గుర్రం వీపు కనిపిస్తోంది కదా అని. వాహనాల మధ్య దగ్గరికి వెళ్లడం కుదరదు, పేవ్‌మెంట్ మీదనుంచే చూడాలి.

ఇక కొనడం. అన్నాశాలై మీదే తమిళనాడు హస్తకళల సంస్థ వాళ్ల పూంపుహార్ ఉంది. ధర చీటీ ఉంటుంది, చూడనిస్తారు, విసుక్కోరు. ఎక్కువగా కుంభకోణం దగ్గర విగ్రహాలు పోసే స్వామిమలై ఊరి పని. తేనెమైనంలో గుగ్గిలం కలిపి చేత్తో బొమ్మ చేసి, దాని మీద కావేరి ఒండ్రుమట్టి పూతలు పూసి, ఆరబెట్టి కాలుస్తారు. మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి మూస పగలగొట్టాల్సిందే. అందుకే ఒక మూసకు ఒకే విగ్రహం. ఆ తర్వాత ఉలితో ఆభరణాలు, వెంట్రుకలు తీరుస్తారు. మావయ్య అక్కడున్న నందులన్నీ చూశాడు. పనితనం గొప్పది. కానీ అన్నీ కూర్చున్నవే, గంటలు, మువ్వల పట్టెడలతో నిండినవే. "గంగడోలు గంటల కింద దాచేశారు. మన గిత్తకు అందం అక్కడే కదా" అన్నాడు. ఒంగోలు జాతి అందమంతా ఆ వేలాడే గంగడోలూ ఎత్తైన మూపురమూ పొట్టి కొమ్ములే. బ్రెజిల్ వాళ్లు తీసుకెళ్లి నెల్లూరు పేరుతోనే పెంచుకుంటున్న జాతి అది.

మరో దుకాణంలో నిలబడ్డ ఎద్దు దొరికింది. పంచలోహమే అన్నారు. మావయ్య తిరగేసి చూశాడు. అడుగున పొట్ట మధ్యగా అతుకు గీత ఉంది, గీకిన చోట పచ్చగా ఇత్తడి రంగు మెరిసింది. పైన నల్లగా రంగు పట్టించారంతే. మైనం పోతలో అలాంటి అతుకు గీత రాదు. అడిగితే వాళ్లు మాట మార్చారు. ఇత్తడి అని చెప్పి ఇత్తడి ధరకు అమ్మితే తప్పేం లేదు, పంచలోహమని చెప్పడమే బాధ కలిగించింది. మీరెవరైనా కొంటే ముందు తిరగేసి చూడండి, చేత్తో బరువు చూడండి. డొల్ల పోత చేతికే తెలిసిపోతుంది.

చివరికి ఇంకో చిన్న దుకాణంలో ఒకాయన నిజం చెప్పాడు. నిలబడ్డ ఒంగోలు గిత్త తయారుగా ఎక్కడా ఉండదని, స్వామిమలైలో తనకు తెలిసిన స్థపతితో, అంటే విగ్రహాలు చేసే శిల్పితో, మైనం బొమ్మ చేయించి ముందు ఫొటో పంపుతానని, నచ్చితేనే పోత పోయిస్తానని అన్నాడు. అడ్వాన్సు అడగలేదు. అయితే ఎద్దు ఫొటోలు కావాలన్నాడు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి రెండు, వెనకనుంచి ఒకటి. మావయ్య దగ్గర ఉన్నది ఒకే ఫొటో. సంక్రాంతి నాడు దండ వేసి, పసుపు పూసి, ముఖం మాత్రమే తీసింది.

ఆదివారం మధ్యాహ్నం పినాకినిలో తిరిగొచ్చాం. రాత్రి భోజనాలకు ఇంట్లో ఉన్నాం. తెల్లారేసరికి మావయ్య పక్క ఊళ్లో ఇంకా గిత్తలు పెంచుతున్న రైతుకు ఫోన్ చేసి, "ఇవాళ దాణా పెట్టకముందే వస్తాం, పొట్ట నిండితే వాటం మారిపోతుంది" అని చెప్పి, నన్ను కెమెరా తీసుకోమన్నాడు.