పొగ రాని టేబుల్: ఎల్‌టీస్పైస్‌తో పన్నెండేళ్లు

2013లో వేసుకున్న సాఫ్ట్‌వేర్లలో నా దగ్గర ఇప్పటికీ మిగిలింది ఎల్‌టీస్పైస్ ఒక్కటే. ఈలోగా మూడు ల్యాప్‌టాప్‌లు మారాయి, షాపు రెండుసార్లు మారింది. టెంట్ హౌస్ వాళ్లకీ, సౌండ్ సిస్టమ్ వాళ్లకీ ఆంప్లిఫయర్ బోర్డులు కట్టిస్తాను, కాలిపోయినవి బాగు చేస్తాను. అందుకని స్క్రీన్ మీద గీసిందీ టేబుల్ మీద సోల్డర్ చేసిందీ రోజూ పక్కపక్కనే కనిపిస్తుంటాయి. రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కొట్టుకుంటాయో అక్కడి నుంచే ఈ సమీక్ష.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సర్క్యూట్ గీసి రన్ కొడితే ఏ పాయింట్‌లో ఎంత వోల్టేజీ, ఏ తీగలో ఎంత కరెంటు అని లెక్కకట్టి గ్రాఫ్ చూపిస్తుంది. దీనికి మూలం స్పైస్, అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ నుంచి 1973లో బయటికొచ్చిన ప్రోగ్రామ్. ఆ దారిలోనే మైక్ ఎంగెల్‌హార్ట్ అనే ఇంజనీరు లీనియర్ టెక్నాలజీ కంపెనీలో ఉండగా ఎల్‌టీస్పైస్ రాశారు. ఆ కంపెనీని 2017లో అనలాగ్ డివైసెస్ కొనేసింది. చిప్పులు అమ్ముకునే కంపెనీ తన చిప్పుల కోసం ఇచ్చేది కాబట్టి మనకి ఉచితం. ఇన్ని పార్టులే పెట్టాలి అన్న పరిమితి కూడా లేదు.

నాకు పని నేర్పిన పెద్దాయనకి మొదటిసారి చూపిస్తే, "బొమ్మ గీస్తే కరెంటు పారుద్దంట్రా?" అని నవ్వారు. "పారదు గురువుగారూ, పారితే ఏమవుద్దో చెబుద్ది" అన్నాను. "ఓహో, జాతకం అన్నమాట" అన్నారు. అప్పటినుంచి మా షాపులో దాని పేరు జాతకమే.

మొదటి జాతకమే తప్పింది. రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, రెండు 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, రెండు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. పదో తరగతి పిల్లవాడు కూడా వెలిగించే ఎల్‌ఈడీ ఫ్లాషర్. టేబుల్ మీద అయితే సెకనుకి ఒకటిన్నర సార్లు టపటపా కొట్టాలి. స్క్రీన్ మీద మాత్రం రెండు వైపులా గీత కదలకుండా పడుకుంది. రెండు రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. కంప్యూటర్‌లో రెండు ట్రాన్సిస్టర్లూ అచ్చు కవలలు, సర్క్యూట్‌లో నాయిస్ లేదు, కరెంటు ఎప్పటినుంచో ఉన్నట్టే లెక్క మొదలవుతుంది. ఎవరు ముందు ఆన్ అవ్వాలో తేల్చేవాళ్లు లేక ఇద్దరూ సగం సగం ఆన్ అయి కూర్చున్నారు. ఒక కెపాసిటర్‌లో మొదట్లోనే కాస్త వోల్టేజీ ఉందని డాట్ ఐసీ అనే ఆదేశం లైను రాస్తే వెంటనే లేచింది. ఆసిలేటర్ గీసిన ప్రతివాడూ ఒకసారి ఈ గుంటలో పడాల్సిందే.

రెండో గుంట ఇంకా చిన్నది, ఇంకా లోతైనది. 1 మెగా ఓమ్ అని రాయడానికి 1 పక్కన పెద్ద ఎం పెట్టాను, అందరం కాగితం మీద రాసేట్టే. స్పైస్‌కి పెద్ద ఎం, చిన్న ఎం తేడా లేదు, రెండూ మిల్లీయే. నేను ఇన్‌పుట్‌కి పెట్టింది మెగా ఓమ్ కాదు, మిల్లీ ఓమ్. అంటే ఇన్‌పుట్‌ని తీసుకెళ్లి గ్రౌండ్‌కి, సున్నా వోల్టుల పాయింట్‌కి, కట్టేసినట్టే. అవుట్‌పుట్ చచ్చిపోయి ఉంటే మోడల్ (పార్టు గుణాలు రాసి ఉన్న ఫైలు) తప్పనీ, సాఫ్ట్‌వేర్ తప్పనీ రాత్రంతా తిట్టుకున్నాను. మెగా కావాలంటే ఎం, ఈ, జీ మూడక్షరాలూ రాయాలి. అలాగే కెపాసిటర్‌కి 1 పక్కన ఒట్టి ఎఫ్ రాస్తే ఫారడ్ కాదు, ఫెమ్టో ఫారడ్, లెక్కలోకి రానంత చిన్నది.

మరి ఎందుకు వదల్లేదంటే, ముందు ఆ థర్మామీటర్ కోసం. ఆల్ట్ నొక్కి ట్రాన్సిస్టర్ మీద మౌస్ పెడితే కర్సర్ థర్మామీటర్‌గా మారుతుంది. క్లిక్ చేస్తే అది ఎన్ని వాట్లు వేడి చేస్తోందో గ్రాఫ్ వస్తుంది. గ్రాఫ్ పేరు మీద కంట్రోల్ క్లిక్ కొడితే సగటు చెబుతుంది. క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్ (అవుట్‌పుట్‌లో జత ట్రాన్సిస్టర్లు చెరో సగం తరంగం మోసేది) ఫుల్ సౌండ్‌లోనే ఎక్కువ వేడెక్కుతుందని చాలామందిలాగే నేనూ నమ్మేవాణ్ణి. ప్లస్ మైనస్ 35 వోల్టుల సప్లై, 8 ఓమ్‌ల స్పీకర్ పెట్టి, డాట్ స్టెప్ అనే ఆదేశంతో సౌండ్ కొంచెం కొంచెం పెంచుతూ చూశాను. అవుట్‌పుట్ శిఖరం 22 వోల్టుల దగ్గర, అంటే సప్లైలో 64 శాతం దగ్గర, వేడి అన్నిటికంటే ఎక్కువైంది. జతకి 31 వాట్ల చుట్టూ. ఆ పైన సౌండ్ పెరిగేకొద్దీ వేడి తగ్గింది. పుస్తకాల్లో ఈ లెక్క ఎప్పటినుంచో ఉంది, కానీ నా సర్క్యూట్‌లో, నా వోల్టేజీల మీద కళ్లారా చూశాకే హీట్‌సింక్ సైజు మార్చాను. ఫుల్ సౌండ్‌లో పది నిమిషాలు టెస్ట్ చేసి "ఓకే" అనడం కూడా మానేశాను.

ఇక హమ్మింగ్ సంగతి. ఒక ఆంప్లిఫయర్ పెట్టెలో స్పీకర్ నుంచి 100 హెర్ట్జ్ గుర్రుమనే చప్పుడు. సిమ్యులేషన్‌లో చూస్తే శుభ్రంగా ఉంది. కెపాసిటర్లు మార్చాను, ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జి మార్చాను, అదే గుర్రు. తర్వాత తట్టింది: నా బొమ్మలో గ్రౌండ్ అంటే ఒక త్రికోణం గుర్తు, ఎన్ని పెట్టినా అన్నీ ఒకే పాయింటు. పెట్టెలో మాత్రం గ్రౌండ్ అంటే తీగ. రెండు 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ల మధ్య పది సెంటీమీటర్ల తీగ ఉంది. ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండ్ ఆ తీగకి ఒక కొసన, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చే భాగం) గ్రౌండ్ ఇంకో కొసన కలిపాడు మా కుర్రాడు. 1 చదరపు మిల్లీమీటర్ రాగి తీగ పది సెంటీమీటర్లకి సుమారు 1.7 మిల్లీ ఓమ్‌లు. ఎంతని? కానీ కెపాసిటర్లు ఛార్జ్ అయ్యేటప్పుడు, పాట లేకపోయినా, దాంట్లో ఒక ఆంపియర్ దాకా కరెంటు దడదడా పోతుంది. అంటే 1.7 మిల్లీ వోల్టులు. ఆంప్లిఫయర్ గెయిన్ 30, అంటే ఇన్‌పుట్‌ని ముప్పై రెట్లు చేస్తుంది. స్పీకర్ దగ్గరికొచ్చేసరికి 50 మిల్లీ వోల్టుల గుర్రు.

బొమ్మలో త్రికోణాలు తీసేసి, ఆ తీగ ఉన్నచోట 1.7 మిల్లీ ఓమ్‌ల రెసిస్టర్ గీశాను. హమ్మింగ్ గ్రాఫ్‌లో ప్రత్యక్షమైంది. రెండు గ్రౌండ్‌లూ ఒకే పాయింట్‌కి మారిస్తే పోయింది. పెట్టెలో కూడా రెండు తీగలూ ఒకే బోల్టు కిందకి తెస్తే పోయింది. ఈ సాఫ్ట్‌వేర్ నాకు పెట్టిన అన్నంలో సగం ఆ ఒక్క రోజుదే. దాని తర్వాత ఏ బోర్డు గీసినా ముందు తీగలు గీస్తాను.

నా చెయ్యి కాల్చిందీ ఇదే. బయాస్‌ని, అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటుని, 50 మిల్లీ ఆంపియర్లకి సిమ్యులేషన్‌లో సెట్ చేసి, అదే విలువలతో బోర్డు కట్టాను. పావుగంటలో కరెంటు పాకుతూ పాకుతూ పెరిగి 5200, 1943 అనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత ఒకటి పోయింది. స్పైస్‌కి, ప్రత్యేకంగా చెప్పకపోతే, అన్ని పార్టులూ 27 డిగ్రీలే. ఎంత వాడినా దాని ట్రాన్సిస్టర్ వేడెక్కదు, వేడికి కరెంటు పెరగదు. నా పెట్టెలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు హీట్‌సింక్ మీద కాలుతున్నాయి, బయాస్ చూసుకోవాల్సిన చిన్న ట్రాన్సిస్టర్ బోర్డు మీద చల్లగా కూర్చుంది. ఇప్పుడు అవుట్‌పుట్ వాటికి మాత్రం విడిగా 80 డిగ్రీలు ఇచ్చి చూస్తాను. ఆ చిన్నదాన్ని హీట్‌సింక్‌కే స్క్రూ వేసి బిగిస్తాను. అన్నట్టు, మార్కెట్లో దొరికే డూప్లికేట్ 5200లకి మోడల్ ఫైల్ ఎవరూ ఇవ్వరు. అక్కడ జాతకం పనిచెయ్యదు.

సరదా ఒకటి. దీనికి ఇన్‌పుట్‌గా వేవ్ ఫైల్ ఇవ్వొచ్చు, అవుట్‌పుట్‌నీ వేవ్ ఫైల్‌గా రాయించుకోవచ్చు. మా అబ్బాయి "హలో మైక్ టెస్టింగ్" అన్నది రికార్డు చేసి, బయాస్ సున్నా చేసిన ఆంప్లిఫయర్ గుండా పంపాను. గరగరలాడుతూ వచ్చింది, గొంతు పట్టినట్టు. ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి పని మారేచోట వచ్చే ఈ వంకర, క్రాస్ఓవర్ డిస్టార్షన్, అంటే ఏంటో పని నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్లకి ఇప్పుడు అదే వినిపిస్తాను. అవుట్‌పుట్‌ని ప్లస్ మైనస్ 1 వోల్టు లోపలికి తగ్గించి రాయించాలి, లేకపోతే ఫైలే క్లిప్ అవుతుంది.

విసుగు పుట్టించేవి చాలానే ఉన్నాయి. పాత వెర్షన్లలో ఒక పార్టు తీసెయ్యాలంటే ముందు ఎఫ్5 కొట్టి కత్తెర తెచ్చుకుని, ఆ తర్వాత పార్టు మీద క్లిక్ చెయ్యాలి. లోకమంతా ఒక పద్ధతి, దీనిదొక పద్ధతి. 2024లో వచ్చిన 24వ వెర్షన్‌లో ముస్తాబు మారింది కానీ నా వేళ్లు ఇంకా పాత కీలనే వెతుకుతున్నాయి. "టైమ్ స్టెప్ టూ స్మాల్" అని ఆగిపోతే తప్పెక్కడుందో వెతుక్కోవడం మన తలనొప్పి. టీఎల్072 లాంటి వేరే కంపెనీ చిప్పులు లైబ్రరీలో ఉండవు. మోడల్ ఫైల్ తెచ్చి ఇంక్లూడ్ లైనుతో కలుపుకోవాలి. డిస్టార్షన్ కొలిచేవాళ్లు ప్లాట్‌విన్‌సైజ్ ఆప్షన్ సున్నా చెయ్యాలి. లేదంటే డేటా కుదించడం వల్ల వచ్చిన చెత్తని కూడా మీ ఆంప్లిఫయర్ ఖాతాలో రాసేస్తుంది.

కరెంటు ఎలా పారుతుందో పిల్లలకి చూపించాలంటే బ్రౌజర్‌లో నడిచే ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ చాలు. చుక్కలు కదులుతూ ముచ్చటగా ఉంటుంది. ఎటూ కైక్యాడ్‌లో బోర్డు గీసేవాళ్లకి అందులోనే ఎన్‌జీస్పైస్ అనే ఇలాంటి సిమ్యులేటర్ ఉంది. ఎంగెల్‌హార్ట్ తర్వాత రాసిన క్యూస్పైస్ కూడా 2023లో వచ్చింది, అదీ ఉచితమే. వేసుకున్నాను, కానీ పన్నెండేళ్ల ఫైళ్లన్నీ ఇక్కడున్నాయి, అటు వెళ్లబుద్ధి కావట్లేదు.

ఇంత చెప్పాక కూడా, కొత్త బోర్డుకి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నా టేబుల్ మీద 100 వాట్ల సిరీస్ బల్బు, అంటే బోర్డుకి వెళ్లే కరెంటు దారిలో కలిపే బల్బు, ఉండాల్సిందే; బోర్డులో తప్పుంటే అదే వెలుగుతుంది. గురువుగారు నేర్పిన అలవాటు. పోయిన నెల ఒక బోర్డు స్క్రీన్ మీద వంకలేకుండా వచ్చింది. స్విచ్ వేస్తే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోయింది. మైనస్ లైన్‌లో కెపాసిటర్ తలకిందులుగా పెట్టాను. పక్కన కూర్చుని టీ తాగుతున్న గురువుగారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఏరా, జాతకంలో రాలేదా?"