పిల్లల గదిలో పాత వాల్‌పేపర్: పీకేయాలా, పైనే రంగు వేయాలా?

బొమ్మల వాల్‌పేపర్ వెలిసిపోయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పెయింటర్ "పైనే కొట్టేద్దాం సార్" అంటాడు. ఒప్పుకునే ముందు ఇవి చూడండి.

ఖర్చు
పైనే వేస్తే: కూలీ తక్కువ. ప్రైమర్ మాత్రం ఆయిల్ రకమే కావాలి, నీళ్ల ప్రైమర్‌కి కాగితం ఉబ్బుతుంది.
పీకితే: లప్పం, ప్రైమర్, రంగు అన్నీ మళ్లీ.

శ్రమ
పైనే వేస్తే: అతుకులు, లేచిన అంచులు సరిచేస్తే చాలు.
పీకితే: ఓపిక కావాలి. వినైల్ (ప్లాస్టిక్ లాంటి) పై పొర నీళ్లు పీల్చదు, ముందు దాన్ని ఒలిచేయాలి. మిగిలిన కాగితాన్ని గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో తడిపి, పావుగంట నాననిచ్చి, వెడల్పాటి బ్లేడుతో గీకాలి. మరీ తడిస్తే లప్పం కూడా ఊడొస్తుంది. జిగురు మిగిలితే కొత్త రంగు పగులుతుంది, కాబట్టి పూర్తిగా తుడవాలి. స్విచ్‌బోర్డుల దగ్గర మెయిన్ ఆపాకే తడపండి.

రిస్క్
పైనే వేస్తే: కింద బూజు ఉన్నా కనపడదు. పిల్లలు పడుకునే గదిలో నాకిది అసలు నచ్చదు.
పీకితే: దుమ్ము. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. కింద అంతకన్నా పాత రంగు ఉంటే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు, పొడిగోడకు ఉప్పుకాగితం పట్టొద్దు. పని అయ్యేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

అద్దె ఇల్లు, పొడి గోడ, గట్టిగా అతుక్కున్న కాగితం అయితే ఓనర్‌ని అడిగి పైనే వేయించండి. చెమ్మ, ఉబ్బులు, రెండు పొరల కాగితం ఉంటే పీకాల్సిందే. చెమ్మ ఎక్కడిదో సరిచేశాకే రంగు.