టెక్సాస్‌లో టర్కీ వేట: ఎక్కని బండికి చార్జీ

డెబ్బై రెండేళ్ల మనిషి కొండరాళ్ల మీద అర మైలు నడవలేడన్న సాకుతో, ఆ అర మైలూ బండిలో దించడానికి 75 డాలర్లు విడిగా గుంజే వేట విడిది ఒకటి టెక్సాస్‌లోని హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో ఉంది. దాని పేరు రాయదలచుకోలేదు గాని, వసంతకాలంలో టర్కీ కోళ్ల వేటకు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని వేరే రాష్ట్రానికి వెళ్లాలనుకునేవారు డబ్బు కట్టేముందు ఏమేమి అడగాలో మాత్రం వివరంగానే రాస్తాను.

మేము ఉండేది నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో. అక్కడ దొరికేది తూర్పు జాతి టర్కీ. అది దట్టమైన అడవిలో తిరుగుతుంది కనుక దాని వెంట చాలా నడవాలి. నాన్నగారి మోకాళ్లకు అది కుదరదు. టెక్సాస్‌లోని రియో గ్రాండే జాతి బయలు ప్రదేశాల్లో మందలుగా తిరుగుతుంది, మాటులో కుర్చీ వేసుకుని కూర్చున్నవారికి దూరం నుంచే కనిపిస్తుంది. మిగతా రాష్ట్రాలు చూస్తే, కాన్సాస్‌లో బయటి రాష్ట్రాలవారికి లాటరీ పెట్టారు. నెబ్రాస్కాలో బయటివారికి ఇచ్చే పర్మిట్లు పది వేలకు మించవు. మిస్సోరీ ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తుపాకి దించేయాలి. టెక్సాస్‌లో ఈ ఇబ్బందులేవీ లేవు. సూర్యాస్తమయం తరువాత మరో అరగంట వరకు వేటాడవచ్చు, లైసెన్సు అడిగిన వెంటనే దొరుకుతుంది. అయితే అక్కడి భూమిలో నూటికి తొంభై ఐదు వంతులకు పైగా ప్రైవేటుదే కాబట్టి ఎవరో ఒక భూస్వామికి డబ్బు కట్టక తప్పదు, మోసానికి దారి దొరికేదీ అక్కడే.

బయటి రాష్ట్రంవారికి వసంత టర్కీ లైసెన్సు 126 డాలర్లు, దానిపై పక్షుల ఎండార్స్‌మెంటు (అదనపు అనుమతి) 7 డాలర్లు, వెరసి తలకు 133. వయసు పైబడినవారికి రాయితీ ఉంటుందని ఆశపడకండి, అది టెక్సాస్ నివాసులకే. ఒక వెసులుబాటు మాత్రం ఉంది: 1971 సెప్టెంబరు 2కు ముందు పుట్టినవారికి వేట శిక్షణ సర్టిఫికెట్ అక్కరలేదు. నాన్నగారికి గ్రీన్ కార్డు ఉంది కనుక తుపాకి విషయంలో చిక్కు రాలేదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులైనా, హెచ్-1బి మీద ఉన్న మనవారైనా, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకి చేతపట్టడం ఫెడరల్ నేరమని గుర్తుంచుకోవాలి. 'ఒకసారి పట్టుకుని ఫోటో దిగుతాను' అన్నా ఒప్పుకోవద్దు.

విమాన ప్రయాణం సాఫీగా సాగింది. ఖాళీ తుపాకిని తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి కౌంటరు దగ్గర ప్రకటించాము, శాన్ ఆంటోనియోలో దిగి ఐ-10 హైవే మీద రెండు గంటల్లో జంక్షన్ అనే చిన్న ఊరు చేరాము.

ఇక విడిది సంగతి. మనిషికి 1,150 డాలర్లు, అందులో సగం ముందే కట్టాలి. నాన్నగారి వయసు, మోకాళ్ల సంగతి ముందే రాస్తే, కింది అంతస్తులో గది, లోపలే బాత్రూము ఉంటాయని యజమాని మెయిలులో మాట ఇచ్చాడు. తీరా వెళ్లేసరికి ఆ గదిలో హ్యూస్టన్ నుంచి వచ్చిన బృందం దిగి ఉంది. మాకు చూపించింది అటక మీద, నిచ్చెన ఎక్కితే గాని అందని బంకు మంచాలు. బాత్రూముకు వెళ్లాలంటే నిచ్చెన దిగి, కంకర దాటి పక్క షెడ్డుకు పోవాలి. నాన్నగారు ఒక్క మాటా అనకుండా హాల్లో సోఫా మీద దుప్పటి పరచుకున్నారు. ఆ బృందం అర్ధరాత్రి దాటేదాకా అదే హాల్లో పేకాడింది. ఆయన లేచినప్పుడల్లా నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను.

తెల్లవారుజామున యజమాని ప్లాస్టిక్ పూత వేసిన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. మాటు దాకా బండికి 75, పక్షిని శుభ్రం చేస్తే 40, రెండో పుంజుకు 400. నాన్నగారు ఆర్టీసీలో టికెట్ల తనిఖీతో మొదలుపెట్టి డిపో మేనేజరుగా రిటైరైన మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క వరుసా వేలుతో చదివారు.

"ఈ కాగితం నీకు ముందే పంపించాడా?"

"లేదు నాన్నా."

"టికెట్ మీద లేని చార్జీ వసూలు చేస్తే మా డిపోలో సాయంత్రానికల్లా సస్పెన్షన్ ఆర్డరు చేతికొచ్చేది" అని నాతో అని, అదే సంగతి ఇంగ్లీషులో ఆ పెద్దమనిషికి నిదానంగా వివరించారు. అతను నవ్వి, "అయితే నడవండి" అన్నాడు. పంతానికి పోయి నాన్నగారు నడిచారు. సున్నపురాళ్లు, నాగజెముడు పొదలు, చీకటి. దారి చూపే కుర్రాడేమో వెనక్కి తిరిగి చూడడు. మేము మాటు చేరేసరికి పుంజులు చెట్లు దిగి పక్కవాడి కంచె అవతల కూస్తున్నాయి. మధ్యాహ్నం విడిదికి రాగానే సామాను సర్దాను. అడ్వాన్సు 1,150 తిరిగివ్వనన్నాడు సరే, ఎక్కని బండికి 75 డాలర్లు కూడా నా కార్డు మీద గీకాడు!

ఆ రాత్రి ఊళ్లోని మోటెల్‌లో 89 డాలర్లకు దొరికిన గది మాకు రాజభవనంలా కనిపించింది. అక్కడి కౌంటరు అమ్మాయి ద్వారా ఒక పెద్దావిడ పశువుల రాంచ్ సంగతి తెలిసింది. డబ్బు మాట ఎత్తకముందే ఆవిడ తన వేట లీజు లైసెన్సు, అంటే డబ్బు తీసుకుని తన భూమిలో వేటాడనిచ్చేందుకు ఉండాల్సిన అనుమతి, చూపించింది. రోజుకు మనిషికి 200 డాలర్లు, పుంజు పడినా అంతే. మాటు పక్క దాకా కారు పోతుంది, లోపల చేతుల కుర్చీలు వేసి ఉన్నాయి. "తెల్లవారకముందే వచ్చి ఏం చేస్తారు, టిఫిను తిని రండి" అంది. ఇది మర్యాదకు అన్న మాట కాదు. పొద్దెక్కాక పెట్టలు గూళ్లకు వెళ్లిపోతే పుంజులు ఒంటరిగా తిరుగుతూ పిలుపుకు తొందరగా వస్తాయి. పెద్దవాళ్లను నాలుగింటికి లేపి చలిలో కూర్చోబెట్టే గైడ్ల మాట వినకండి.

పది దాటాక, నేను పెట్ట కూత కూయగానే లోయలోంచి బదులు వచ్చింది. ఎరగా నిలిపిన బొమ్మను చూసి ఒక పుంజు రెక్కలు నేలకు రాసుకుంటూ, తోక విసనకర్రలా విప్పుకుని వచ్చింది. దాని తల ఒక క్షణం ఎర్రగా, మరుక్షణం నీలంగా, నెత్తి మాత్రం తెల్లగా కనిపిస్తోంది. నాన్నగారి తుపాకి 20 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం, తన్ను తక్కువ), కింద మూడు కాళ్ల స్టాండు. పెద్దవాళ్ల భుజానికి 12 గేజ్ దెబ్బ అనవసరం. పాతిక గజాల దూరంలో ఒక్క గుండుతో పని ముగిసింది. లైసెన్సు ట్యాగు మీద నెలనూ తేదీనీ కండక్టరు టికెట్ పంచ్ చేసినంత శ్రద్ధగా ఆయనే కత్తితో కోసి, పెన్నుతో వివరాలు నింపి పక్షికి కట్టారు. మాంసం ఇంటికి చేరేదాకా కాటా (వెనక ముల్లు) ఉన్న కాలో, కుచ్చు ఉన్న రొమ్ము చర్మమో వెంట ఉంచుకోవాలి. అది పుంజేనన్నదానికి రుజువు అదే.

తిరుగు ప్రయాణానికి ముందు సౌత్ లానో రివర్ స్టేట్ పార్కుకు వెళ్లాము. అక్కడ టర్కీలు శీతకాలంలో మందలుగా గూడు చేరే చోటును అక్టోబరు నుంచి మార్చి దాకా మూసివేస్తారు. పక్షులను చూసే గదుల్లో కూర్చుంటే, నీలి తల, ఎర్ర రొమ్ము, పచ్చని వీపు గల పెయింటెడ్ బంటింగ్ నీళ్ల తొట్టి మీద వాలింది. నాన్నగారు వేటకన్నా దానికే ఎక్కువ మురిసిపోయారు. మాంసం సంగతి చెప్పాలంటే, రొమ్ము ముక్కలు వేపుడుకు బాగుంటాయి. కాళ్లు మాత్రం కుక్కరులో ఎంతసేపు ఉంచినా నాటుకోడికన్నా మొండివి.

వెళ్లదలచినవారు మెట్లెన్ని, బాత్రూము ఎక్కడ, కారు దిగాక మాటుకు నడక ఎంత, అదనపు చార్జీలేమిటి అన్న నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు రాకుండా అడ్వాన్సు కట్టవద్దు. ఇంటికి రాగానే నాన్నగారు డిపో భాషలో, తేదీలు, మొత్తాలు, మెయిలు నకళ్లు జతచేసి క్రెడిట్ కార్డు కంపెనీకి ఫిర్యాదు రాశారు. బండి తాలూకు 75 డాలర్లు తిరిగి వచ్చాయి. 1,150 ఇంకా పరిశీలనలోనే ఉంది, రిమైండరు ముసాయిదా ఆయన బల్ల మీద సిద్ధంగా ఉంది.