సముద్రతీర చిత్రాల ‘అభ్యాస కిట్’ కొనేవారికి హెచ్చరిక

పేరున్న చిత్రాలను ఎదురుగా పెట్టుకొని సముద్రతీర దృశ్యాలు వేయడం నేర్చుకోవాలనుకునేవారు, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ‘అభ్యాస కిట్’లను కొనేముందు దయచేసి ఇది చదవండి. విశాఖపట్నంలోని యారాడ కొండ మీదినుంచి కనిపించే సముద్రాన్ని చిత్రించాలన్నది నా చిరకాల కోరిక. అందుకు సాధనగా, ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1882లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన వేసిన ‘క్లిఫ్ వాక్ ఎట్ పూర్విల్’ కాన్వాస్ ప్రింటు, పన్నెండు ఆయిల్ రంగుల ట్యూబులు ఉన్న కిట్‌ను 3,800 రూపాయలకు కొన్నాను.

ప్రింటు మీద చేతికి తగిలే కుంచె గీతలున్నాయని ప్రకటనలో రాశారు. గీతలు ఉన్నమాట నిజమే కానీ, అవి మోనేవి కావు. మూలచిత్రంలో గాలికి వణికే గడ్డి పొట్టి పొట్టి గీతలతో ఒకలా, కిందనున్న సముద్రం మరోలా రూపుదిద్దుకోగా, ఈ ప్రింటుపై ఎవరో పారదర్శకమైన జెల్‌ను గడ్డికీ నీటికీ ఆకాశానికీ ఒకే దిశలో పూసేశారు. కుంచె ఎటు కదిలిందో తెలుసుకోవడానికే కదా మనం ఒక చిత్రాన్ని అధ్యయనం చేసేది! ఆ జెల్ గీతలనే నమ్మి నేను మూడు వారాలు సాధన చేశాను.

కొలతలలోనూ మోసం ఉంది. మూలచిత్రం ఎత్తు 66.5 సెంటీమీటర్లు, వెడల్పు 82.3 సెంటీమీటర్లు. ఆ లెక్కన 24 అంగుళాల వెడల్పుకు ఎత్తు 19.4 అంగుళాలు ఉండాలి. నాకు వచ్చినది 18 అంగుళాలే. తగ్గిన మేరకు ఆకాశాన్ని కత్తిరించడంతో క్షితిజరేఖ స్థానమే మారిపోయింది.

‘కోబాల్ట్ బ్లూ’ ట్యూబు వెనుక చిన్న అక్షరాలలో పీబీ29, పీడబ్ల్యూ6 అని, ఆ రంగులో వాడిన వర్ణకాలను తెలిపే సంకేతాలు ఉన్నాయి. అంటే అది అల్ట్రామెరైన్ అనే మరో నీలం, టైటానియం వైట్ అనే తెలుపు కలిపిన రంగు. అసలైన కోబాల్ట్ బ్లూకు పీబీ28 అని ఉండాలి. తెలుపు ముందే కలిసి ఉండటం వల్ల నా సముద్రపు నీడలు ఎంత ప్రయత్నించినా సున్నం కలిసినట్లు పాలిపోయాయి.

ట్యూబుల మూతలు తీశానన్న కారణంతో అమ్మకందారు డబ్బు తిరిగి ఇవ్వనన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మోనే వేసిన మూలచిత్రం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాని స్పష్టమైన ఫొటోను ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఇస్తోంది. దానిని దించుకొని, పెద్దదిగా చేసి గీతలను పరిశీలించండి. ప్రింటు కావాలంటే, ఏ అంచూ కత్తిరించకుండా తీయించుకోండి.