మూసేయడమా, ముందే చెప్పుకోవడమా?

2025 మేలో సరిహద్దు టెన్షన్ నడుస్తున్నప్పుడు హనుమకొండలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి "రెండు మూడు రోజులు ఏటీఎంలు బంద్" అని మెసేజ్ వచ్చింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ తేల్చింది. ఎవరు పుట్టించారో గానీ, ఇలాంటివి పరాయి దేశం పనిగట్టుకుని వదిలితే ప్రభుత్వాలు కలిసి చేయగలిగినవి ప్రధానంగా రెండు.

మొదటిది మూసేయడం. 2022 మార్చిలో ఐరోపా సమాఖ్య రష్యా ఛానళ్లు ఆర్‌టీ, స్పుత్నిక్‌లను నిషేధించింది. దెబ్బ వెంటనే తగులుతుంది, నిజమే. కానీ అదే సరుకు వేరే పేరుతో మళ్లీ దిగుతుంది.

రెండోది ఒకరికొకరు ముందే చెప్పుకోవడం. జీ7 దేశాల రాపిడ్ రెస్పాన్స్ మెకానిజం (2018), ఐరోపా రాపిడ్ అలర్ట్ సిస్టమ్ (2019) పెట్టింది ఇందుకే. 2023 జూన్‌లో ఫ్రాన్స్ ఒక రష్యా అనుకూల ముఠా గుట్టు విప్పింది. వాళ్లు 'ల మోండ్' లాంటి పత్రికల వెబ్‌సైట్లకు నకళ్లు తయారుచేశారు: అదే లోగో, అదే అక్షరాలు, చిరునామా చివర మాత్రం తేడా. ఆ తేడా ఒక దేశం పట్టుకుని చెబితే పక్క దేశానికి వెతుకులాట తప్పుతుంది.

నా మొగ్గు రెండోదానికే, కాస్త నిదానమైనా సరే. యుద్ధ సమయంలో తాళం తప్పదేమో. మామూలు రోజుల్లో అలవాటైతే మాత్రం అది రేపు మన వరంగల్ చిన్న పత్రికలకూ పడొచ్చు.