భారత రాజ్యాంగం, తెలుగు, కొత్త అట్ట: 2 స్టార్లు

అనంతపురంలో కోర్టు దగ్గర నాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. అర్జీలు టైప్ చేయించుకునేవాళ్లు "ఆ ఆర్టికల్ తెలుగులో ఏముందో చూడమ్మా" అని అడుగుతుంటారు. అందుకే టవర్ క్లాక్ వైపు ఒక పుస్తకాల షాపులో దీన్ని 250 రూపాయలు పెట్టి కొన్నా. అట్ట మీద ఎర్రక్షరాలతో "తాజా సవరణలతో" అని ఉంది.

అక్షరం పెద్దది, కళ్లద్దాలు లేకుండానే చదివా. కుట్టు బైండింగు, తెరిచి టేబుల్ మీద పెడితే మూసుకోదు. టైప్ చేసేవాళ్లకు అదే కావాలి. తెలుగు మాత్రం కోర్టు తెలుగే, ఒక వాక్యం పూర్తయ్యేలోపు టీ చల్లారిపోతుంది.

రెండో వారంలో పరువు పోయింది. రోడ్డుకు పొలం పోతున్న ఒక పెద్దాయన నోటీసు పట్టుకుని వచ్చాడు. నేను 31వ ఆర్టికల్ తీసి, ఆస్తి ప్రాథమిక హక్కని అర్జీలో కొట్టిచ్చా. లాయరుగారు చదివి నవ్వారంట, "ఇది 1979 జూన్‌లోనే పోయింది కదా" అని. "చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదు" అన్న వాక్యం ఇప్పుడూ ఉంది, కాకపోతే 300-ఏలో. ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు కాబట్టి దానికోసం 32వ ఆర్టికల్ కింద నేరుగా సుప్రీంకోర్టుకు పోలేం, హైకోర్టుకు పోవచ్చు. పెద్దాయనకు ఉచితంగా మళ్లీ కొట్టిచ్చా.

ఆ రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. పీఠికలో 'సామ్యవాద', 'లౌకిక' ఉన్నాయి, అంటే 1976 నాటి 42వ సవరణ ఎక్కింది. ఎమర్జెన్సీ పెట్టడానికి మాత్రం 352లో 'ఆంతరంగిక కల్లోలం' చాలు, 'సాయుధ తిరుగుబాటు' అన్న మాటే లేదు. 359 ప్రకారం ప్రాణం, స్వేచ్ఛ కాపాడమని కోర్టుకెళ్లే దారి కూడా రాష్ట్రపతి ఉత్తర్వుతో మూసేయొచ్చు. నేను 250 పెట్టి కొన్నది ఎమర్జెన్సీ నాటి రాజ్యాంగం! ఎవరో పాత పుస్తకానికి కొత్త అట్ట వేశారు. ఆ రెండింటినీ మార్చింది, ఆస్తి హక్కును 300-ఏకు పంపింది కూడా 44వ సవరణే. దానికి ఆమోదం తెలిపిన రాష్ట్రపతి మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి. ఆయన జిల్లాలోనే ఆ సవరణ లేని పుస్తకం అమ్ముతున్నారు, ఏమనాలి?

వాపసు ఇద్దామని పోతే షాపాయన "రాజ్యాంగం యాడన్నా మారుతుందా అక్కా, అదేమన్నా గైడా?" అన్నాడు. 2023కే 106 సవరణలయ్యాయంటే నమ్మలేదు. డబ్బు ఇవ్వనన్నాడు, బదులుగా గ్రూప్-2 బిట్ బ్యాంక్ తీసుకోమన్నాడు. నాకెందుకది?

స్టార్లు రెండూ బైండింగుకే. ఇలాంటిది కొనేముందు షాపులోనే 326వ ఆర్టికల్ తెరవండి. ఓటుకు 21 ఏళ్లని ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. 18 ఉంటే 21-ఏ కూడా చూడండి, పిల్లల చదువు హక్కు అందులో ఉండాలి.