థార్‌కి 18 నుంచి 16 అంగుళాలకు దిగాను: 46,000 కిలోమీటర్ల తర్వాత

మాది 2021 మహీంద్రా థార్ జీపు, డీజిల్, పై వేరియంట్ ఎల్‌ఎక్స్. వచ్చినప్పుడు 18 అంగుళాల అలాయ్ చక్రాలు, 255/65 టైర్లు ఉండేవి. అదే బండి ఏఎక్స్ వేరియంట్‌కి కంపెనీ 16 అంగుళాల స్టీలు చక్రాలు, 245/75 టైర్లు ఇచ్చేది. 2022 సెప్టెంబరులో నేను డబ్బులు పెట్టి మరీ పై వేరియంట్ చక్రాలు తీసేసి కింది వేరియంట్ చక్రాలు వేయించుకున్నాను. రాణిగంజ్‌లో టైర్లు బిగించినాయన రెండుసార్లు అడిగాడు, "సార్, చిన్నవే కావాలా? అందరూ పెద్దవి వేయించుకుంటున్నారు" అని. చిన్నవే కావాలన్నాను. ఆ నిర్ణయం మీద ఇప్పటికి 46,000 కిలోమీటర్లు తిరిగాను.

ముందు నా వాడకం చెప్పాలి, ఎందుకంటే టైరు ఎంపిక అంతా దాని మీదే ఉంటుంది. వారంలో ఐదు రోజులు అత్తాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి. శనివారం చేవెళ్ల, మన్నెగూడ మీదుగా పరిగి దగ్గరున్న మా చెలకకి. చివరి ఆరు కిలోమీటర్లు బండ్ల బాట: మొరం, రాళ్లు, మధ్యలో ఒక ఒర్రె, అంటే చిన్న వాగు. నెలకోసారి స్నేహితులతో వికారాబాద్ చుట్టుపక్కల ఊళ్ల మధ్య బాటల్లో తిరుగుతాం. అంటే పదిలో ఎనిమిది వంతులు తారు రోడ్డు, రెండు వంతులు రాళ్లు. హైదరాబాద్‌లో థార్ ఉన్న చాలామంది లెక్క ఇంతే ఉంటుందనుకుంటాను.

మార్చాల్సి రావడానికి కారణం ఒక్క రాయి. 2022 వేసవిలో ఒర్రె దాటుతుంటే నీళ్ల పక్కన గ్రానైటు బండ అంచు ముందు టైరు పక్కగోడకి తగిలి బొటనవేలంత కోత పడింది. పక్కగోడ కోతకి ప్యాచ్ పనికిరాదు, టైరు పోయినట్టే. ఆ రోజు గాలి 33 పీఎస్‌ఐ ఉంది, తగ్గించకుండా దిగడం నా తప్పే. పరిగిలో పంక్చర్ షాపు పెద్దాయన టైరు తిప్పి చూసి, "గాలి ఇంత గట్టిగ పెట్టుకొని రాళ్లల్లకు పోతే పక్కలు పగలవా బిడ్డా?" అన్నాడు. అలాయ్ అంచు కూడా చిట్లింది. అలాయ్ పగిలితే మార్చుకోవడమే. స్టీలు రిమ్ వంగితే చాలాసార్లు సుత్తితో సరిచేసి ఆ రోజుకి ఇల్లు చేరవచ్చు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. 255/65 R18 అంటే టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 166 మి.మీ., R పక్కనున్న 18 రిమ్ అంగుళాలు. 245/75 R16 పక్కగోడ 184 మి.మీ. రాయికీ రిమ్‌కీ మధ్య 18 మి.మీ. రబ్బరు ఎక్కువ దొరుకుతుంది. మరి పోయేదేమిటి? మొత్తం టైరు ఎత్తు 789 నుంచి 774కి తగ్గుతుంది, అందులో సగం, అంటే సుమారు 7 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది. థార్ క్లియరెన్స్ 226 మి.మీ. అందులో 7 పోయినందుకు ఈ 46,000 కిలోమీటర్లలో ఒక్కసారి కూడా బండి కింద కొత్తగా ఏదీ తగల్లేదు. స్పీడోమీటరు సుమారు రెండు శాతం ఎక్కువ చూపిస్తుంది. అది 100 అంటే నిజానికి 98. ఓడోమీటరు కూడా అంతే ఎక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ లెక్కలో దాన్ని తీసేయాలి.

నేరుగా ఇక్కడికి రాలేదు. మధ్యలో ఒక ఐదు నెలలు, ఒక షాపు వాళ్ల మాట విని బయటికి పొడుచుకొచ్చే వెడల్పు చక్రాలు వేయించాను. చూడటానికి చాలా బాగుండేది. కానీ గుంత వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్ చేతిలోంచి లాక్కుపోయేది, వానాకాలం బురదంతా తలుపుల మీదే. చక్రం బయటికి జరిగేకొద్దీ వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుందని, బండిని కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుందని ఆ షాపులో ఎవరూ చెప్పలేదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఇదే అన్న టెన్షన్ నాకు రోజూ ఉండేది. 245/75 R16 ఇదే బండికి కంపెనీ ఇచ్చిన సైజు కాబట్టి ఆ టెన్షన్ పోయింది. నాకు అది పెద్ద విషయం.

రకం విషయానికొస్తే ఏ/టీ, అంటే ఆల్ టెరైన్ తీసుకున్నాను. మా బ్యాచ్‌లో ఒక అన్న ఎం/టీ, అంటే మడ్ టెరైన్ వేయించుకున్నాడు. దాని పెద్ద గడులు రాళ్లని బాగా పట్టుకుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 90 దాటితే లోపల మాట వినబడదు. వానలో తడి తారు మీద ఆయన బ్రేక్ వేసేటప్పుడు నేను వెనక ఎక్కువ దూరం ఉంచుతాను. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి ఎం/టీ వద్దని ఎవరడిగినా చెబుతాను.

ఇక బురద. మొరం బురదలో నా టైర్లు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నల్లరేగడి వేరే లోకం. గత జూన్‌లో తొలివాన పడ్డ మర్నాడు మా పక్క చేనులోకి దిగాం. రేగడి టైరు గడుల్లో నిండిపోయి పది మీటర్లలోనే నాలుగు టైర్లూ గుండు చేసినట్టు నున్నగా అయ్యాయి. అన్న ఎం/టీ టైర్లతో ఇంకో ఇరవై మీటర్లు పోయాడు, అంతే. ఇద్దరినీ ఒకే ట్రాక్టరు లాగింది. రేగడి తడిసిందంటే రెండు రోజులు ఎండనివ్వండి, టైరు మార్చడం దానికి జవాబు కాదు.

గాలి గురించి ఎక్కువ చెప్పాలని ఉంది. రోడ్డు మీద 32, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెడతాను. మే నెల మధ్యాహ్నం తిరిగి వచ్చాక చూస్తే నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది. అది వేడి వల్ల, అప్పుడు తగ్గించకూడదు. బాట మొదలయ్యే చోట మర్రిచెట్టు కింద ఆపి 20కి దించుతాను. ఈ ఒక్క పని వల్ల బండి తీరే మారిపోతుంది. టైరు రాయి మీద ఎగరకుండా దాన్ని కప్పుకుంటుంది, వెనక కూర్చున్న అమ్మకి నడుము నొప్పి రాదు. 184 మి.మీ. పక్కగోడ ఉన్నందుకు అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. 18 అంగుళాల మీద ఇదే 20 పెడితే రిమ్ రాయికి కొడుతుందేమోనని భయం ఉండేది. 20 మీద 40 కి.మీ. వేగం దాటను, ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పను. తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదం ఉంది. మళ్లీ తారు ఎక్కేముందు చిన్న 12 వోల్టుల పంపుతో నింపుతాను. నాలుగింటికి ఇరవై అయిదు నిమిషాలు. బద్ధకించి అలాగే హైవే ఎక్కకండి, తక్కువ గాలితో వేగంగా పోతే టైరు లోపల వేడెక్కి పగిలిపోతుంది.

కొనేటప్పుడు ఐదు కొనండి, నాలుగు కాదు. స్టెప్నీ సైజు వేరైతే ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉన్నప్పుడు గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాకు ఒక షాపులో కొత్తవని చూపించినవాటి మీద 1120 అని ఉంది, అంటే 2020లో పదకొండో వారం. అప్పటికే రెండున్నరేళ్ల సరుకు, వదిలేసి వచ్చాను. అలాయ్ తీసి స్టీలు వేస్తుంటే పాత నట్లు కొత్త రిమ్‌కి సరిగ్గా కూర్చుంటాయా లేదా అడగండి, వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించి చూసుకోండి.

లోపాలున్నాయి. స్టీలు రిమ్‌ల నల్ల రంగు రాళ్లకి లేచి తుప్పు పట్టింది, రెండుసార్లు రంగు వేయించాను. మలుపుల్లో 18 అంగుళాలంత బిగువు లేదు, బండి కాస్త ఊగుతుంది. 35,000 దాటాక రోడ్డు శబ్దం పెరిగింది. ఎనిమిది వేలకోసారి ఐదు చక్రాలూ స్థానం మారుస్తూ వచ్చినా ముందువి అంచుల్లో ఎక్కువ అరిగాయి.

నిన్న కొలిచి చూస్తే ముందు టైర్లలో గడుల లోతు 4.5 మి.మీ. ఉంది. చట్టం ప్రకారం 1.6 వరకు వాడొచ్చు, కానీ ఒర్రె దాటే బండికి, వానలో ఓఆర్ఆర్ ఎక్కే బండికి అది చాలదు. జూన్ వానలు మొదలయ్యేలోపు ఐదూ మారుస్తున్నాను. సైజు మళ్లీ 245/75 R16, మళ్లీ ఏ/టీ.